రాలిపోయిన ‘ర’

ఆ మధ్య తాండూరులో మా తమ్ముణ్ని చెంప మీద కొట్టాను. బండల పాలిష్ యూనిట్ ముందర, పనివాళ్లందరూ చూస్తుండగా ఛెళ్లుమని కొట్టాను. వాడికి మనవలున్నారు. నాకు మోకాళ్ల నొప్పులు, బీపీ గోళీలు. వికారాబాదులో తెలుగు టీచరుగా చేసి రిటైరై కూడా చాలా ఏళ్లయింది. నా దగ్గర చదువుకున్న పిల్లల్లో ఒక్కరి మీద కూడా నేను చెయ్యి ఎత్తలేదు. ఎత్తనని ఉద్యోగంలో చేరిన రోజే ఒట్టు పెట్టుకున్నాను. అన్నేళ్లు దాచుకున్నదంతా కలిపి వాడి చెంప మీద పడింది కాబోలు, కొట్టాక నా అరచెయ్యి మండిపోయింది. మనసు మాత్రం చల్లబడలేదు. ఇంకోటి కొట్టాలనిపించింది. ఇదంతా చెప్పాలంటే మా ఊరి పేరు దగ్గర మొదలుపెట్టాలి.

మా ఊరు బడిగేపల్లి. తాండూరు దాటి కర్ణాటక వైపు పోతే వచ్చే ఊళ్లలో ఒకటి. ఇంట్లో తెలుగు మాట్లాడి, బావి దగ్గర కన్నడం మాట్లాడి, సంతలో ఉర్దూ మాట్లాడే మనుషులు మావాళ్లు. కన్నడంలో బడిగె అంటే దుడ్డుకర్ర. కన్నడం రాని వాళ్లకు మన తెలుగు బడితె గుర్తొచ్చేది. అందుకని పేరు చెప్పగానే ఎవరైనా సరే ముందు నవ్వేవాళ్లు, తరవాత కాస్త వెనక్కి జరిగేవాళ్లు. నేను చదువు కోసం తాండూరు వచ్చినప్పుడు గది అద్దెకిస్తానన్న ముసలామె ఊరి పేరు వినగానే మాట మార్చింది. “బడిగేపల్లోల్లా? వద్దు బిడ్డా, మీ ఊరోల్లు నోటితోని మాట్లాడకముందే కట్టె లేపుతరు” అని తలుపేసుకుంది. ఆమె అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. మా ఊళ్లో గట్ల దగ్గర కాళ్లు విరిగేవి, బావి దగ్గర తలలు పగిలేవి. పీర్ల పండుగలో అలావా నిప్పుల గుంట చుట్టూ ఆడుతూ ఆడుతూనే కొట్టుకునేవాళ్లు. సిగ్గుపడాల్సింది పోయి మావాళ్లు మీసం మెలేసేవాళ్లు. అందరికంటే ఎక్కువ మెలేసినవాడు మా నాయిన.

మా ఇంట్లో తెల్లవారడమే దెబ్బల చప్పుడుతో తెల్లవారేది. ముందు అమ్మ జొన్నరొట్టె కొట్టే చప్పుడు. పిండి ముద్దను పీట మీద పెట్టి అరచేత్తో చరిచి చరిచి తిప్పుతుంటే రొట్టె చందమామంత అయ్యేది. పెనం మీద నీళ్లు తడిపినప్పుడు వచ్చే కమ్మటి మాడువాసనకు నాకు మెలకువ వచ్చేది. కోతల కాలమైతే కల్లంలో కందికట్టె కొట్టే చప్పుడు, మనిషి మారి మనిషి, ఒక వరసలో. ఆ తరవాత నాయిన లేచేవాడు. మొహం కూడా కడుక్కోకుండా తలుపు పక్కన నిలబెట్టిన కట్టెను అందుకుని దానికి కుసుమ నూనె రాసేవాడు. సండ్ర కట్టె, రెండు కొసలకీ ఇత్తడి పొన్నులు. పసిపిల్లకు నూనె పెట్టినట్టు నిదానంగా, ఒళ్లో పెట్టుకుని రాసేవాడు. ఇంట్లో పిల్లలెవరికీ ఆయన తలంటిన గుర్తు లేదు. ఇప్పటికీ కుసుమ నూనె వాసన వస్తే నా వీపు దానంతటదే బిగుసుకుంటుంది.

ఆ కట్టె ఎద్దుల మీద పడేది, జీతగాళ్ల మీద పడేది, చెప్పకుండా పొలంలోంచి నడిచిన బాటసారి మీద పడేది. అమ్మ మీద పడ్డప్పుడు చప్పుడు వేరుగా ఉండేది, ఎందుకంటే అమ్మ అరిచేది కాదు. ఒకసారి పప్పులో మట్టిగడ్డ వచ్చిందని కంచం విసిరితే ఆమె నుదురు చీలింది. ఇంత పసుపు అద్దుకుని, చాట ముందరేసుకుని మళ్లీ కందిపప్పు చెరగడానికి కూచుంది. “నొప్పి లేదా అమ్మా?” అంటే, “ఉంటది. ఉంటే ఏం జేస్తం, మీరు తినద్దా?” అంది. నాయినంటే నాకు చచ్చేంత భయం. ఆయన మీద కోపం ఎంత ఉండేదంటే, పశువుల కొట్టంలో ఒంటరిగా నిలబడి తిట్టేదాన్ని. మళ్లీ ఆయన సంతకుపోయి నాకోసం గాజులు తెస్తే ఊరంతా చూపించి వచ్చేదాన్ని. పిల్లల బుద్ధి అంతే.

మా ఊళ్లో నాయినకు భయపడని మనిషి ఒక్కడుండేవాడు, వడ్ల మోనప్ప, మా ఊరి వడ్రంగి. నాగళ్లు, బండి చక్రాలు, తలుపులు అన్నీ అతని చేతివే. నాయిన కట్టె కూడా అతను చిత్రిక పట్టి ఇచ్చిందే. మంచివాడని మాత్రం చెప్పను. మహా కోపిష్టి. కల్లు తాగితే ఒకటే గొప్పలు. పని పాడైతే బాడిసను దూరంగా విసిరేవాడు, అది భార్య పక్కనుంచి దూసుకుపోయేది. అతని బిడ్డ కాళమ్మ నా జట్టు. చెక్కపొట్టు గుట్టలో ఇద్దరం మెడలోతు కూరుకుని కూచునేవాళ్లం, వేప చెక్క చేదువాసన జుట్టుకు పట్టి రాత్రి దాకా వదిలేది కాదు. వడ్లాయనను పేరు పెట్టి పిలవమని నాయిన గద్దించేవాడు. “మామా అను, నోరేం అరిగిపోదు” అని అమ్మ చాటుగా చెప్పేది. నేను అమ్మ మాటే విన్నాను.

ఏరువాక నాడు మా ఊరికి ఒక ఆచారం ఉండేది. చుట్టుపక్కల ఊళ్లలో ఎక్కడా లేదది. ఎద్దులకు స్నానం చేయించి, కొమ్ములకు రంగులు పూసి, పోలెలు తినిపించి ఊరి ముందరకు తోలుకొస్తారు కదా. అందరికంటే ముందు ఒక కొత్త నాగలిని నిలబెట్టేవాళ్లు. మోనప్ప తలకు రుమాలు చుట్టుకుని వచ్చి, కొయ్యసుత్తితో ఆ నాగలి మీద ఒక్క దెబ్బ కొట్టి, “బడిగేపల్లి నాగలి కదిలె!” అని కేకేసేవాడు. ఆ కేక పడేదాకా ఎంత పెద్ద రైతైనా ఎద్దును అదిలించకూడదు. పటేలైనా సరే. ఎందుకు వడ్లాయనే కొట్టాలి అంటే ఎవరికీ తెలియదు. పెద్దలనాటి నుంచి అట్లాగే ఉందనేవాళ్లు. ఒక్క మా నాయినకు మాత్రం అది గొంతులో ముల్లయింది. వడ్లాయన కేకేసేదాకా తాను ఎద్దుల తాడు పట్టుకుని ఎదురుచూడటమా? పైగా ఊరి పేరే కట్టె మీద ఉందాయె, కట్టె పట్టిన మనిషి తానాయె.

ఆ ఏడు ఆయన నూనె రాసిన కట్టెతో వచ్చి నాగలి ముందర నిలబడ్డాడు. “ఇయ్యాలసంది దెబ్బ నాది. కట్టె పట్టినోని ఊరు ఇది, సుత్తి పట్టినోనిది కాదు. పక్కకు జరుగు” అన్నాడు. మోనప్ప పొద్దున్నే తాగి ఉన్నాడు. జరగలేదు సరికదా, నవ్వాడు. “కట్టె నీదే పటేలా, నేనే చేసిచ్చిన. ఊరి పేరు మాత్రం నాది. బడిగె కాదు, బడిగేర. బడిగేర అంటె వడ్లోల్లు. మావోల్లు ఈడ దిగి నాగండ్లు చేస్తె, మీ తాతలు ఎన్కకెల్లి వచ్చి దున్నుకున్నరు. ఇదు నమ్మూరు, మా ఊరు ఇది. తెల్సుకో” అన్నాడు. ఊరంతా వినేటట్టే అన్నాడు. ఎవరో వెనక నుంచి కిసుక్కుమన్నారు. ఆ నవ్వే కొంప ముంచింది. మోనప్ప అన్న మాటను నాయిన పడేవాడేమో గానీ, ఊరు నవ్విన నవ్వును పడలేదు.

మొదటి దెబ్బ భుజం మీద పడింది. మోనప్ప తూలి నాగలిని పట్టుకున్నాడు గానీ వదల్లేదు. “కొట్టు, కొట్టు! పేరు నీదైతదా?” అని అరిచాడు. అప్పుడు నాయిన, నాగటి మేడి మీద ఉన్న అతని కుడిచేతిని చూసి, ఆ చేతి మీదనే కొట్టాడు. చెరుకు విరిచినప్పుడు వచ్చే చప్పుడు వచ్చింది. మళ్లీ అదే చేతి మీద కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ఎద్దులు బెదిరి గంటలు మోగుతున్నాయి, మగవాళ్లు నిలబడి చూస్తున్నారు, ఒక్కడూ ముందుకు రాలేదు. కాళమ్మ “అప్పా, అప్పా” అని ఏడుస్తుంటే నాకేమైందో తెలియదు, ఉరికిపోయి నాయిన మణికట్టును పళ్లతో పట్టాను. నోట్లోకి ఉప్పగా నెత్తురు వచ్చేదాకా వదల్లేదు. ఆయన విసిరికొడితే పోయి నాగలి మీద పడ్డాను. నా ఎడమ కనుబొమ మధ్యలో వెంట్రుక మొలవని గీత ఉంది, అది అప్పటిదే. అమ్మ రొట్టె పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చి మోనప్ప మీద అడ్డం పడింది. ఆమె వీపు మీద పడిన దెబ్బతో కట్టె చీలింది.

మోనప్ప చేతికి ఎవరో పసరు కట్టు కట్టారు. అది వంకరగా అతికింది. ఆ చేతిలో బాడిస నిలవదు, ఉలి నిలవదు. చెయ్యి లేని వడ్లాయనకు ఊళ్లో ఏం పని? కొన్నాళ్లకు సామానంతా బండిలో వేసుకుని కుటుంబమంతా తాండూరు పోయింది, బండల గనుల్లో కూలికి. బండి చక్రాలు కూడా మోనప్ప చేసినవే. కాళమ్మ వెనక్కి తిరిగి కూచుని నా వైపే చూస్తూ పోయింది. నేను చెయ్యి ఊపలేదు, ఊపబుద్ధి కాలేదు. ఆ తరవాత మా ఊరికి వేరే వడ్లాయన రాలేదు, రమ్మంటే భయపడ్డారు. నాగలి విరిగితే ఊరవతల ఊరికి మోసుకుపోయేవాళ్లు. ఏరువాక దెబ్బ నాయినే కొట్టేవాడు, కొత్త కట్టెతో.

ఆ దెబ్బల మర్నాడు పొద్దున్న అమ్మ రొట్టె చప్పుడు వినపడలేదు. నాయిన ముందర గిన్నె నిండా జొన్నరవ్వ ఉడకేసిన గటక పెట్టింది. “రొట్టేది?” అన్నాడు. “ఇగ నేను కొట్ట. కొట్టుడు సాలు ఈ ఇంట్ల” అంది. నాయిన అరిచాడు, గిన్నె తన్నాడు, చెయ్యి చేసుకున్నాడు. ఆమె మళ్లీ గటకే వండింది. పండుగొచ్చినా, చుట్టాలొచ్చినా, చివరికి నాయిన మంచం పట్టి ఒక్క రొట్టె ముక్క కావాలని చిన్నపిల్లాడిలా అడిగినా కొట్టలేదు. పక్కింటి నుంచి అడుక్కొచ్చి పెట్టింది గానీ తన చేత్తో పీట మీద పిండి చరచలేదు. నేను చూసిన పంతాల్లో అంత పెద్ద పంతం ఇంకోటి లేదు. మా తమ్ముడు రాంరెడ్డి అప్పటికి ఉయ్యాలలో ఉన్నాడు. వాడికి అమ్మ గటక తెలుసు గానీ దాని వెనక కథ నాయిన చెప్పినట్టే తెలుసు, పొగరుబోతు వడ్లాయనకు బుద్ధి చెప్పినట్టు.

కాళమ్మా నేనూ తరవాత తాండూరులోనే మళ్లీ కలిశాం. తలుపేసుకున్న ముసలామె గడప ముందు నేను పెట్టె పట్టుకుని ఏడుస్తుంటే, తల మీద బండ గంపతో పోతున్న కాళమ్మ నా కనుబొమ చూసి గుర్తుపట్టింది. వాళ్ల గుడిసెకే తీసుకుపోయింది. మోనప్ప కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని కూచుని ఉన్నాడు. నన్ను చూసి, “నువ్వు పటేలును కొరికిన జాగ మానిందా?” అని అడిగి పగలబడి నవ్వాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన పోయాక పుట్టిన మనవడికి కాళమ్మ తండ్రి పేరే పెట్టుకుంది, మోనేశ్ అని. చెక్క నుంచి రాయికి మారిన ఆ ఇంట్లో వాడు అక్షరాలు చెక్కే పని నేర్చాడు.

ఆ మధ్య కాళమ్మ ఫోన్ చేసింది. “అక్కా, జర తాండూరు రా. మీ రాంరెడ్డి ఊరి మొగదల కట్టే కమానుకు బండ చేయిస్తుండు. నా కొడుకు పొద్దుగాలసంది ఉలి పట్కోని కూసున్నడు, దెబ్బ పడ్తలేదు” అంది. రైలెక్కి పోయాను. నీలంబండ, మనిషంత పొడుగు. దాని మీద తెల్లగీతలతో రాసిపెట్టి ఉంది, ‘కట్టె పట్టిన వీరుల గడ్డ బడిగేపల్లి’ అని. కింద ఒకదాని మీద ఒకటి అడ్డంగా రెండు కట్టెల బొమ్మ. ఇంకా కింద మా నాయిన పేరు. ఊరి పేరూ, నాయిన పేరూ మాత్రం సగం సగం చెక్కి ఉన్నాయి. పక్కన మోనేశ్ దుమ్ము కొట్టుకుపోయిన మొహంతో కూచుని ఉన్నాడు. తన తాత చెయ్యి విరగ్గొట్టిన మనిషి పేరును తన చేత్తో చెక్కాలి వాడు. చెక్కనంటే పని పోతుంది.

రాంరెడ్డి మురిసిపోతూ వచ్చాడు. “సూడక్కా, మస్తుగ వస్తుంది గదా! నాయిన పేరుకు బంగారు రంగు ఎయ్యమన్న” అన్నాడు. వీడెవరో తెలుసా అని మోనేశ్‌ను చూపించాను. మోనప్ప మనవడని చెప్పాను. రాంరెడ్డి మొహం ఒక్క క్షణం మారింది. మళ్లీ సర్దుకుని, “అయితేమాయెనే? ఎప్పటి ముచ్చట! ఒక్క వడ్లాయన చెయ్యి ఇరిగితేనేం, ఊరికి పేరొచ్చె” అన్నాడు. అప్పుడే కొట్టాను.

కొట్టి ఊరుకోలేదు. మోనేశ్ ఒళ్లోని సుత్తి లాక్కున్నాను. “పెద్దమ్మా, వద్దు” అంటున్నాడు వాడు. నాయిన పేరు మీద మొదటి దెబ్బ వేశాను. పెచ్చు ఎగిరి నా చేతికి గుచ్చుకుంది. మళ్లీ వేశాను. కట్టెల బొమ్మ మీద వేశాను. వీరుల మీద వేశాను. బండ మధ్యలో నెర్రె పారి, రెండుగా విడిపోయి, కింది ముక్క నా కాళ్ల దగ్గర పడింది. పడి ఉన్నదాన్ని కూడా కొడుతున్నాను. నా నోట్లోంచి ఏవో తిట్లు వస్తున్నాయి, చిన్నప్పుడు పశువుల కొట్టంలో తిట్టినవే. కాళమ్మ వెనక నుంచి వచ్చి మణికట్టు పట్టుకుంది. “సాలక్కా. నీ చెయ్యి కూడ ఇరుగుతది” అంది. సుత్తి జారిపోయింది. రాంరెడ్డి చెంప పట్టుకుని బండల గుట్ట మీద కూలబడ్డాడు. “గట్లనే కొట్టెటోడు నాయిన” అన్నాడు మెల్లగా. “అచ్చం గట్లనే. పడ్డదాన్ని సుత ఇడువకపోయేది.” నేను చేతిలో గుచ్చుకున్న పెచ్చును పీక్కున్నాను.

మళ్లీ వాడే అడిగాడు, “మరి గిప్పుడు ఏం రాయాలె?” అని. పిల్లలకు చెప్పినట్టు చెప్పాను. కట్టె మీద పేరైతే బడిగెపల్లి అనాలి, మనమంతా గే అని ఎందుకు సాగదీస్తాం? బడిగేరపల్లిలో ‘ర’ నోళ్లలో పడి రాలిపోయింది, దీర్ఘం మాత్రం మిగిలింది. నాగలి మీద మొదటి దెబ్బ వడ్లాయనది ఎందుకంటే ఊరు వడ్లాయనలది కాబట్టి. ఇదే నిజమని చూపించడానికి నా దగ్గర రుజువేమీ లేదు, ఒక తాగుబోతు వడ్లాయన మాట, నా చెవి తప్ప. రాంరెడ్డి విన్నాడు. “ఏమో అక్కా. సర్కారు కాయితాల బడిగేపల్లనే ఉన్నది. ఊరోల్లు సుత ఒప్పరు. నేను మార్చ” అన్నాడు. మళ్లీ నా చెయ్యి లేవబోయింది. అప్పుడు కాళమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ అంది, “మార్చకు పటేలా. ఎవ్వరి పేరు ఎయ్యకు. ఊరి పేరొక్కటే ఎయ్యి. గే కాడ ఒక్క అచ్చరం జాగ ఇడువు. అంతే.” రాంరెడ్డి ఆ పగిలిన ముక్కల వంక చూసి, మోనేశ్‌తో “మీ అమ్మ చెప్పినట్టు కొట్టు” అని లేచి వెళ్లిపోయాడు.

కమాను కట్టారు. ఇప్పుడు మా ఊళ్లో తలుపుల పక్కన కట్టెలు లేవు. కుర్రాళ్లు ఫోన్లలో తిట్టుకుని, బైకుల మీద వచ్చి రాడ్లతో కొట్టుకుంటున్నారు. వడ్లాయన ఇప్పటికీ లేడు, నాగళ్లూ లేవు, ట్రాక్టర్లు వచ్చాయి. ఆ సుత్తి పట్టిన చెయ్యి నాకు రాత్రుళ్లు గుంజుతుంది. నాయిన కూడా చివర్లో తన చెయ్యి ఇలాగే గుంజుతోందనేవాడు. ఆయనకు నేను కొరికిన గుర్తు పోయేదాకా పోలేదు.

మొన్న ఆదివారం కాళమ్మతో కలిసి బస్సులో ఊరికి పోయాను. కమాను కింద బస్సు ఆగింది. నీలంబండ మీద తెల్లని అక్షరాలు, ‘బడిగే’ అని, తరవాత ఒక ఖాళీ, తరవాత ‘పల్లి’ అని. ముందు సీట్లో పిల్లవాడొకడు చూసి నవ్వాడు. “రాయి కొట్టెటోనికి చదువు రాదు, నడిమిట్ల జాగ ఇడ్సిండు” అన్నాడు. నా చెయ్యి లేచింది. కాళమ్మ దాన్ని పట్టుకుని తన ఒళ్లో పెట్టుకుంది, వాళ్ల నాయిన తన విరిగిన చెయ్యి పెట్టుకున్నట్టే. “కొట్టకక్కా. సదువు. వానికి ఇనపడేటట్టు సదువు” అంది. నేను లేచి నిలబడి, బస్సంతా తిరిగి చూసేటట్టు, గొంతెత్తి చదివాను.

“బడిగేరపల్లి.”